చేరినవాళ్ల లెక్క చెప్పండి

(నల్లగొండలో డిగ్రీ అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేసినది.)

అందరికీ నమస్కారం. నాతోపాటు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన సార్లకు, మేడమ్‌లకు, పొద్దున్నే బస్సెక్కి దేవరకొండ నుంచి, హాలియా నుంచి, మునుగోడు నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు, పిల్లలకు నమస్కారం. పాలమూరు నుంచి కూడా కొందరు మిత్రులు వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి. ఇవాళ మాట్లాడేదంతా మీ గురించే, మీరే దూరంగా నిలబడితే ఎట్లా?

ఉన్నత విద్యలో నాణ్యత గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నాణ్యతను ఎవరు చూడాలి, ఎట్లా చూడాలి అని. చాలా పెద్ద విషయం. అందుకని నేను ఒక్క ప్రశ్న పట్టుకుని మాట్లాడతాను. ఒక కాలేజీలో ఫలానా సంవత్సరం చేరిన పిల్లల్లో ఎందరు చివరిదాకా చదివారు? ఎందరు పట్టా తీసుకున్నారు? తీసుకున్నాక ఏం చేస్తున్నారు? ఈ లెక్క మన దగ్గర, మన కాలేజీల గేటు మీద, ఎందుకు కనబడదు?

అడ్మిషన్ల కాలం వస్తే క్లాక్ టవర్ నుంచి బస్టాండుదాకా ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ నాక్ ఇచ్చిన గ్రేడు ఇంత, ఉత్తీర్ణత ఇంత శాతం, హయ్యెస్ట్ ప్యాకేజీ ఇంత. తల్లిదండ్రులు వాటిని చూసే కదా నిర్ణయం తీసుకునేది? వాళ్లకు వేరే ఏం తెలుస్తుంది చెప్పండి. సరే, ఆ ఫ్లెక్సీ మీద ఉన్న ఒక్కో అంకె దగ్గర ఆగి చూద్దాం. ముందు ఉత్తీర్ణత శాతం చూద్దాం.

ఉత్తీర్ణత శాతం అంటే ఏమిటి? ఎవరైనా చెబుతారా? అదిగో, ఆ బాబు అన్నాడు, పరీక్ష రాసినవాళ్లలో పాసైనవాళ్లు అని. సరిగ్గా చెప్పాడు. పరీక్ష రాసినవాళ్లలో. ఆ మాటే గుర్తుపెట్టుకోండి. నాక్‌వాళ్లకు కాలేజీ ఇచ్చే నివేదికలో కూడా ఈ లెక్క ఇట్లాగే ఉంటుంది. చివరి సంవత్సరం పరీక్షకు ఎందరు హాజరయ్యారు, అందులో ఎందరు పాసయ్యారు అని.

ఊరికే ఉదాహరణకు చెబుతున్నా, ఏ కాలేజీ గురించీ కాదు. బీఎస్సీ మొదటి సంవత్సరంలో 60 మంది చేరారు అనుకుందాం. ఆరో సెమిస్టర్ నాటికి 38 మంది మిగిలారు. పరీక్ష రాశారు. 30 మంది పాసయ్యారు. ఉత్తీర్ణత ఎంత? 38 మందిలో 30 అంటే దాదాపు 79 శాతం. ఫ్లెక్సీ మీద 79 అని వేయొచ్చు, అబద్ధం కాదు. కానీ చేరింది 60 మంది. 60 మందిలో 30 అంటే సగం. ఇది కూడా అబద్ధం కాదు. ఒకే క్లాసు, ఒకే పిల్లలు, రెండు లెక్కలు. మీ బిడ్డను చేర్పించేటప్పుడు మీకు ఏ లెక్క కావాలి? మీ బిడ్డ ఆ 60 మందిలో ఒకరు. ఆ 38 మందిలో ఉంటారో లేదో ఆ రోజు మీకు తెలియదు.

మన మిర్యాలగూడ మిల్లులు ఉన్నాయి కదా. సర్కారు వడ్లు మిల్లుకు పోతే, క్వింటాకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలని లెక్క కట్టి అడుగుతారు. గేటు దగ్గర ఎంత దిగింది, ఎంత తిరిగొచ్చింది అని కాగితం ఉంటుంది. పిల్లలు వడ్లు కాదు, నాకు తెలుసు. కానీ వడ్లకు ఉన్నపాటి లెక్క మన పిల్లలకు ఉండొద్దా?

సరే, నా ఉదాహరణలో ఆ 22 మంది ఎటు పోయారు? ఇక్కడ కూర్చున్న సార్లకు, మేడమ్‌లకు తెలుసు ఎటు పోతారో. హాజరు పట్టీలో ముందు వరసగా గీతలు పడతాయి, తర్వాత ఒక రోజు ఆ పేరు పిలవడం మానేస్తాం.

కొందరు మొదటి సెమిస్టర్‌లోనే పోతారు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్ల ఇక్కడికొచ్చి ఇంగ్లిష్ మీడియం కెమిస్ట్రీ పుస్తకం తెరుస్తుంది. పాఠం అర్థం కాదు. అర్థం కాలేదని అడగడానికి భయం. రెండు సబ్జెక్టులు పోతాయి. రెండో సెమిస్టర్‌లో ఇంకో రెండు. బ్యాక్‌లాగులు పేరుకుపోయాక ఇంట్లో చెప్పలేదు, కాలేజీకి రాలేదు. ఆ పిల్లకు తెలివి లేక కాదు. మొదటి మూడు నెలలు చేయిపట్టి నడిపించేవాళ్లు లేక.

కొందరు పనికి పోతారు. చౌటుప్పల్ వైపు కంపెనీలు, జడ్చర్ల పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు. అన్న పోతున్నాడు, వెంట తమ్ముడూ పోతాడు. ఇంట్లో అప్పు ఉంటుంది. పాలమూరు మిత్రులకు నేను చెప్పేదేముంది, అమ్మానాయినా పనికోసం బొంబాయి, పుణె పోతే ఇంటి దగ్గర ముసలివాళ్లను, చిన్నపిల్లలను చూసుకునేది ఎవరు? కాలేజీకి పోవాల్సిన పెద్దబిడ్డే.

ఆడపిల్లల సంగతి వేరేగా చెప్పాలి. పెళ్లి ఒక కారణం. బస్సు ఇంకో కారణం. నవ్వకండి, బస్సు చాలా పెద్ద కారణం. తండా నుంచి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ప్రాక్టికల్స్ నాలుగున్నర దాకా ఉంటే ఆ బస్సు తప్పిపోతుంది. రెండుసార్లు చీకటిపడ్డాక ఇంటికి చేరితే మూడోసారి తండ్రి పంపడు. ఆ తండ్రిని నేను తప్పుపట్టను. టైంటేబుల్ వేసినవాళ్లు ఆ బస్సు టైము కూడా చూసి వేయాల్సింది. ఆ అమ్మాయి చదువు ఆగిపోవడానికి అధ్యాపకుల అర్హతలు కారణం కాదు, లైబ్రరీలో పుస్తకాలు తక్కువ ఉండడమూ కారణం కాదు. ఈ సంగతి ఏ తనిఖీ కాగితంలో రాస్తాం?

ఇంకో కారణం ఫీజు రీయింబర్స్‌మెంట్. 2024 అక్టోబరులో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలు, పిల్లల తరఫున సర్కారు కట్టాల్సిన ఆ ఫీజుల బకాయిలు ఇవ్వాలని బంద్ పెట్టాయి. యాజమాన్యాల బాధ నిజమే, జీతాలు ఇవ్వలేకపోతున్నామని అంటున్నారు. కానీ ఆ భారం చివరికి ఎవరి నెత్తిన పడుతోంది? సర్కారు ఇయ్యలేదు కాబట్టి నువ్వు కట్టు, కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వం అంటే ఆ పిల్లవాడు ఎక్కడికి పోవాలి? పీజీ సీటు వచ్చి, టీసీ లేక చేరలేకపోతే ఆ సంవత్సరం ఎవరు తిరిగి ఇస్తారు?

ఇప్పుడు, ఇవన్నీ చూడాల్సినవాళ్లు ఎవరు? మన దేశంలో చూసేవాళ్లకు కొదవ లేదు. ఉన్నత విద్య ప్రమాణాలను నిర్ణయించడం రాజ్యాంగంలో కేంద్ర జాబితాలో 66వ అంశం. యూనివర్సిటీలను చూసే జాతీయ సంస్థ యూజీసీకి 1956లో చట్టం వచ్చింది. సాంకేతిక విద్యకు ఏఐసీటీఈ, దానికి 1987లో చట్టం. నాక్ 1994లో బెంగళూరులో మొదలైంది. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ ఉంది. ర్యాంకులకు ఎన్ఐఆర్ఎఫ్, 2016లో మొదటిసారి ర్యాంకులు ఇచ్చారు. రాష్ట్రంలో ఉన్నత విద్యామండలి, ఫీజులకు టీఏఎఫ్ఆర్సీ, డిగ్రీ అడ్మిషన్లకు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి. ఆ పైన అఫిలియేషన్ ఇచ్చే యూనివర్సిటీ. మనకు నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలకు మహాత్మాగాంధీ యూనివర్సిటీ. అటువైపు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటకు పాలమూరు యూనివర్సిటీ.

ఇంతమంది ఉన్నారు. వీళ్లందరూ ఎక్కువగా అడిగేది ఏమిటి? గదులెన్ని? ల్యాబు ఎన్ని చదరపు అడుగులు? పుస్తకాలెన్ని? కంప్యూటర్లెన్ని? అధ్యాపకుల అర్హతలేమిటి? అడగొద్దని నేను అనడం లేదు. ల్యాబు లేకుండా బీఎస్సీ చెప్పకూడదు. పాఠం చెప్పే మనిషి లేకుండా అసలే చెప్పకూడదు. కానీ ఉన్నాయని కాగితం మీద చూపడం వేరు, అవి పిల్లలకు అందడం వేరు. 2024లో తమిళనాడులో ఏం బయటపడింది? అక్కడి ఇంజనీరింగ్ కాలేజీల జాబితాల్లో ఒకే అధ్యాపకుడి పేరు ఒకటికి మించి కాలేజీల్లో కనిపించింది. తనిఖీలు జరిగాయి, ఆమోదాలూ వచ్చాయి. క్లాసులో మాత్రం మనిషి లేడు. ఉన్నవాటిని లెక్కపెట్టే పద్ధతికి ఈ జబ్బు ఎప్పుడూ ఉంటుంది. తనిఖీ రోజుకు అన్నీ ఉంటాయి.

నాక్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు ఎక్కువగా చూసేది ఆ గ్రేడే. ఏడు అంశాలు చూస్తారు. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అందే తోడ్పాటు, పరిపాలన, విలువలు. అన్నీ కలిపి నాలుగుకు ఇంత అని మార్కు. 3.51, అంతకంటే ఎక్కువ వస్తే ఏ ప్లస్ ప్లస్. ఒకటిన్నర, అంతకంటే తక్కువ వస్తే గుర్తింపు లేదు. సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. 2017 నుంచి పద్ధతి మార్చారు, ఎక్కువ మార్కులు కాలేజీ పంపిన అంకెల మీదే వస్తాయి, తర్వాతే బృందం చూస్తుంది. మంచి ఉద్దేశంతోనే మార్చారు, మనుషుల ఇష్టాయిష్టాలు తగ్గాలని. అయినా 2025 ఫిబ్రవరిలో ఏం జరిగింది? మన పక్క రాష్ట్రంలో ఒక సంస్థకు మంచి గ్రేడు కోసం లంచం ఇచ్చారన్న కేసులో తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఆ గ్రేడును నమ్మి ఎంతమంది తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి ఫీజులు కడతారు అని.

ఇస్రో మాజీ ఛైర్మన్ రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. గ్రేడులు తీసేసి, గుర్తింపు ఉంది, లేదు అని రెండే మాటలు చెప్పాలని, ఆ పైన ఎదిగేవాళ్లకు ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలు ఇవ్వాలని ఆ కమిటీ చెప్పింది. మంచిదే. కానీ ఉంది, లేదు అని చెప్పినా, ఏ ప్లస్ అని చెప్పినా, నా ప్రశ్న అట్లాగే ఉంటుంది. చేరిన 60 మంది ఏమయ్యారు?

ఈ ప్రశ్నను ఎవరూ అడగలేదని కాదు. ఎన్ఐఆర్ఎఫ్ అడుగుతుంది. మంజూరైన సీట్లలో ఎందరు గడువులోపల పాసయ్యారు అని అడుగుతుంది. అది మంచి ప్రశ్న. కాకపోతే అది ర్యాంకుకోసం దరఖాస్తు పెట్టుకున్న కాలేజీలకే. మన మండల కేంద్రాల్లో, మొదటి అంతస్తులో రెండు వరసల గదుల్లో నడిచే కాలేజీ ఆ ర్యాంకుకోసం ఎందుకు పోతుంది? మన పిల్లల్లో చాలామంది చదివేది అక్కడే.

ఇంగ్లండులో ఈ పని ఎట్లా చేస్తున్నారో చెబుతాను. అక్కడ 2017లో చట్టం చేసి, 2018లో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ అని ఒక సంస్థ పెట్టారు. పేరులోనే విద్యార్థులు ఉన్నారు, చూశారా. యూనివర్సిటీలు ఆ సంస్థ దగ్గర రిజిస్టర్ కావాలి, షరతులు పాటించాలి. అందులో బీ3 అనే షరతు విద్యార్థుల ఫలితాల గురించి. 2022 అక్టోబరు నుంచి దానికి అంకెలు పెట్టారు. పూర్తికాలం మొదటి డిగ్రీ చదివేవాళ్లలో కనీసం 80 శాతం మంది ఏడాది దాటాక కూడా చదువులో ఉండాలి. ఆ ఏడాదిని వాళ్లు ఎట్లా కొలుస్తారంటే, చేరిన రోజు నుంచి ఒక సంవత్సరం 15 రోజులకు. 75 శాతం మంది కోర్సు పూర్తిచేయాలి. పూర్తిచేసినవాళ్లలో 60 శాతం మంది 15 నెలల తర్వాత తగిన ఉద్యోగంలోనో, పై చదువులోనో ఉండాలి. ఇంతకంటే తగ్గితే సంజాయిషీ అడగొచ్చు, జరిమానా వేయొచ్చు, రిజిస్ట్రేషన్ కూడా తీసేయొచ్చు. ఈ అంకెలు యూనివర్సిటీవారీగా అందరికీ కనబడేట్టు పెడతారు.

చూశారా, లెక్క ఎక్కడ మొదలవుతుందో? చేరిన రోజు. చివరి పరీక్ష రోజు కాదు. నాకు నచ్చింది అదే.

నచ్చనిది కూడా ఉంది, అది కూడా చెప్పాలి. ఎవరెవరి పిల్లలు చేరారో చూడకుండా అందరికీ ఒకే గీత గీస్తే ఏమవుతుంది? ధనవంతుల పిల్లలు చేరే చోట ఆ గీత సులువుగా దాటుతారు. పేదల పిల్లలు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు చేరే చోట దాటడం కష్టం. అక్కడ ఈ విమర్శ గట్టిగానే వచ్చింది. పరిస్థితులను కూడా చూసి నిర్ణయిస్తామని ఆ సంస్థ చెబుతుంది, పేదరికం, వయసు, వైకల్యం వారీగా విడగొట్టి కూడా చూస్తుంది. అయినా భయం పూర్తిగా పోదు.

మనకైతే ఆ భయం ఇంకా ఎక్కువ. ఆ 80, 75, 60 అంకెలను ఇక్కడికి తెచ్చి దేవరకొండ కాలేజీ మీద పెడితే ఏమవుతుందో ఆలోచించండి. కాలేజీవాళ్లు ఏం చేస్తారు? తండా పిల్లలను చేర్చుకోవడానికి వెనకాడతారు. ఇంటర్‌లో మార్కులు తక్కువ వచ్చినవాళ్లను వద్దంటారు. దోస్త్‌లో సీటు వచ్చినా, ఇక్కడ నీకు కష్టం, వేరే చూసుకో అని చెబుతారు. లేదా పరీక్షలే తేలిక చేస్తారు, ఇంటర్నల్ మార్కులు వేసేస్తారు. శాతం పెరుగుతుంది, చదువు పెరగదు. అచ్చంపేట అవతల నల్లమల నుంచి ఒక చెంచు పిల్లవాడు డిగ్రీలో చేరి రెండో సంవత్సరం దాకా వచ్చాడంటే, ఆ కాలేజీ చేసిన పని హైదరాబాదులో 95 శాతం మార్కులవాళ్లను చేర్చుకుని 95 శాతం పాస్ చేయించిన కాలేజీ చేసిన పనికంటే తక్కువదా? నా దృష్టిలో ఎక్కువది. కాబట్టి ఎక్కడ మొదలయ్యారో చూసి, ఎక్కడికి చేరారో కొలవాలి. ఇంటర్ మార్కులు, మీడియం, ఇంటి ఆదాయం, ఊరు ఇంచుమించు ఒకేరకంగా ఉన్న పిల్లలు చేరిన కాలేజీలను ఒకదానితో ఒకటి పోల్చాలి. అట్లా పోల్చినప్పుడు కూడా ఒక కాలేజీలో సగం మంది జారిపోతూ, పక్కదాంట్లో పదిమందే జారిపోతుంటే, అప్పుడు అడగాలి. మీ పిల్లలు కూడా అలాంటివాళ్లే కదా, ఇక్కడ ఎందుకు పోతున్నారు అని గట్టిగా అడగాలి.

ఇంకో సంగతి. తెలంగాణలో కాలేజీ వయసు పిల్లల్లో నూటికి 40 మంది ఉన్నత విద్యలో చేరుతున్నారని 2021-22 కేంద్ర సర్వే చెబుతోంది. దేశం మొత్తం మీద అది 28.4. మనం ముందున్నాం, గర్వపడాల్సిందే. మన అమ్మల కాలంలో ఆడపిల్ల డిగ్రీ అంటే ఊరంతా చెప్పుకునేవాళ్లు. కానీ ఆ 40 చేరినవాళ్ల లెక్క. చేరినవాళ్లు పెరిగారు కాబట్టే, వాళ్లు ఏమయ్యారు అన్న ప్రశ్న ఇప్పుడు మరీ పెద్దదైంది.

ఇక ఫ్లెక్సీ మీద మూడో అంకె, హయ్యెస్ట్ ప్యాకేజీ. ఇది త్వరగా చెప్పేస్తాను. ఐదుగురికి ఉద్యోగాలు వచ్చాయి అనుకోండి. నెలకు 12 వేలు, 13 వేలు, 14 వేలు, 15 వేలు, ఒకరికి 60 వేలు. ఫ్లెక్సీ మీద పడేది ఆ 60. మీ బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది మధ్యలోని 14. అందుకే ఎప్పుడైనా మధ్య జీతం ఎంత అని అడగండి. ఎందరికి వచ్చింది, ఆరు నెలల తర్వాత ఇంకా ఆ పనిలోనే ఉన్నారా అని అడగండి. ఆఫర్ లెటర్ వచ్చి, ఉద్యోగంలో చేరని పిల్లలు నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఆడపిల్లల విషయంలో ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లండు లెక్కలో డిగ్రీ అయ్యాక ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నా దాన్ని మంచి ఫలితంగానే రాసుకుంటారు. అక్కడ అది న్యాయమేమో. మన దగ్గర అట్లా రాస్తే, పెళ్లి చేసి పంపిన ప్రతి అమ్మాయీ మంచి ఫలితం కిందికే వస్తుంది. ఆ అమ్మాయికి పని చేయాలని ఉందా, పీజీ చదవాలని ఉందా అని ఎవరు అడిగారు? ఫోన్ చేసినప్పుడు భర్తనో, అత్తనో కాదు, ఆ అమ్మాయినే అడగాలి. మన లెక్కలో ఆమె మాట ఆమె నోటితోనే రావాలి.

మరి ఏం చేయాలి? నాకు కనబడుతున్న మార్గం చెబుతాను. చేరినవాళ్ల వివరాలు దోస్త్‌లో ఉన్నాయి. ఏ పిల్ల, ఏ కాలేజీ, ఏ కోర్సు, ఇంటర్‌లో ఎన్ని మార్కులు, అన్నీ ఉన్నాయి. పరీక్ష రాసినవాళ్ల వివరాలు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో హాల్‌టికెట్ నంబరుతో ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే చాలు, ఏ సెమిస్టర్‌లో ఎందరు జారిపోయారో తెలిసిపోతుంది. కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. పేర్లు బయటపెట్టకుండా, కాలేజీవారీగా, కోర్సువారీగా, అమ్మాయిలు అబ్బాయిలు వేరుగా, అడ్మిషన్లకు ముందు మన రెండు యూనివర్సిటీల వెబ్‌సైట్లలో తెలుగులో పెట్టమంటున్నాను. వేరే కాలేజీకి మారిన పిల్లలను వేరుగా చూపించండి, వాళ్లు చదువు మానలేదు కదా. కాలేజీకి అన్యాయం జరగొద్దు.

రెండోది, మొదటి సెమిస్టర్ మీద చూపు పెట్టాలి. ఆరో సెమిస్టర్ ఫలితం వచ్చాక తనిఖీకి వస్తే ఏం లాభం? పిల్లవాడు వరసగా రెండు వారాలు రాకపోతే అదే వారం కాలేజీ నుంచి ఫోన్ పోవాలి. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ రాదని చెప్పడానికి ఫోన్ చేస్తారు కొన్నిచోట్ల. అట్లా కాదు. ఏమైంది బిడ్డా, ఎందుకు రావడం లేదు అని అడగడానికి చేయాలి. ఎందుకు రాలేదో రాసిపెట్టాలి. బస్సు అని రాస్తే, అట్లా ఇరవైమంది పేర్లు ఒకచోట చేరితే, డిపో మేనేజరు దగ్గరికి ఆ కాగితం పట్టుకుని పోవచ్చు.

ఇదంతా ఎవరు చేస్తారు మేడమ్, మాకు ఇప్పటికే రికార్డులు రాయడంతోనే సరిపోతోంది అని ఇక్కడి అధ్యాపకులు మనసులో అనుకుంటున్నారు. మీ ముఖాలు చూస్తే తెలుస్తోంది. న్యాయమైన మాట. ఫైళ్లు, ఫొటోలు, జియోట్యాగులు, నివేదికలు, వీటితో మీ రోజు గడిచిపోతోంది. యూనివర్సిటీల్లో రెగ్యులర్ పోస్టులు ఏళ్లుగా ఖాళీ, కాంట్రాక్టువాళ్లు, పార్ట్‌టైంవాళ్లు, గెస్టువాళ్లు బండి లాగుతున్నారు. గెస్ట్ లెక్చరర్‌కు జీతం ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియదు. అలాంటి మనిషిని పిల్లల వెంట మూడేళ్లు నడవమంటే ఎట్లా నడుస్తారు? అందుకే నాణ్యత లెక్క కాలేజీని మాత్రమే అడిగి ఆగకూడదు. పోస్టులు నింపని సర్కారునూ అడగాలి. రీయింబర్స్‌మెంట్ ఎన్ని నెలలు ఆలస్యమైందో కూడా ఆ వెబ్‌సైట్‌లోనే, ఆ అంకెల పక్కనే ఉండాలి. పిల్లలు మానేసినందుకు కాలేజీని నిలదీసేవాళ్లు, తామెన్ని నెలలు డబ్బు ఆపారో చెప్పాలి కదా. మీరు రాసే కాగితాల్లో పిల్లలకు పనికిరానివి సగం తీసేసి, ఆ సమయం ఈ ఫోన్లకు ఇవ్వమని నేను కూడా మీ తరఫున అడుగుతాను.

లెక్క బయటికి వచ్చాక మొదట చేయాల్సింది శిక్ష కాదు. ఒక మండలానికి ఒకే కాలేజీ ఉంటే, ఫలితాలు బాలేవని దాన్ని మూసేస్తే ఆ ఆడపిల్లలు నల్లగొండ దాకా రారు, ఇంట్లో కూర్చుంటారు. ముందు సాయం చేయాలి. వెనకబడ్డ పిల్లలు పాఠం అందుకునేట్టు బ్రిడ్జి క్లాసులు పెట్టాలి, అధ్యాపకులను ఇవ్వాలి, గడువు పెట్టాలి. అయినా మారకపోతే, సీట్లు అమ్ముకోవడానికే నడుపుతున్నారని తేలితే, అప్పుడు అఫిలియేషన్ తీసేయాలి. తీసేసేముందు ఆ పిల్లలు ఎక్కడ చదువుతారో చెప్పి తీసేయాలి. ఈ వరస తప్పొద్దు.

చివరగా పిల్లలకు. మీకు హక్కులున్నాయి, చాలామందికి తెలియవు. మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. చూసి, సరిచూసుకుని తిరిగి ఇచ్చేయాలి. 2023లో ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ న్యాయం జరగకపోతే యూనివర్సిటీలో అంబుడ్స్‌పర్సన్ అని ఫిర్యాదులు వినేవాళ్లు ఉంటారు, వాళ్లకు అప్పీలు చేసుకోవచ్చు. నోటితో చెప్పి ఊరుకోకండి. కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకున్నట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఒక్కరే పోవడానికి భయమైతే నలుగురు కలిసి పోండి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఈసారి అడ్మిషన్‌కు పోయినప్పుడు మూడేళ్ల కింద ఈ కోర్సులో ఎందరు చేరారు సారూ, వాళ్లలో ఎందరికి పట్టా వచ్చింది అని అడగండి. సారు చెప్పకపోతే రాసి ఇవ్వమని అడగండి. ఒక్కరు అడిగితే పట్టించుకోకపోవచ్చు. యాభైమంది అడిగితే ఆ లెక్క తీస్తారు.

మహాత్మాగాంధీ యూనివర్సిటీకి, పాలమూరు యూనివర్సిటీకి ఇవ్వడానికి రెండు వినతిపత్రాలు తయారుచేసి ఆ టేబుల్ మీద పెట్టాం. నేను చెప్పిన దోస్త్, హాల్‌టికెట్ లెక్క సంగతి అందులో ఉంది. చదవండి, మీకు వేరే ఏమైనా చేర్చాలనిపిస్తే పక్కన రాయండి. పాలమూరు మిత్రులు వాళ్ల కాగితం వాళ్లతో తీసుకుపోతారు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు ఆ వెనక వరసలో చేయెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.